శ్మశానం నుంచి వచ్చిన రాత్రి కలిగిన మెలకువ మూడు వారాలకే ఎందుకు చల్లారింది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీకు నలభై రెండేళ్లు. విజయవాడలో ఒక బ్యాంకు శాఖలో అధికారిగా పనిచేస్తున్నారు. మీతో కలిసి డిగ్రీ చదివిన మిత్రుడు గుండెపోటుతో హఠాత్తుగా చనిపోయారు. దహనసంస్కారాలకు వెళ్లివచ్చి, స్నానం చేసి కూర్చున్న ఆ రాత్రి, ఇన్నేళ్లుగా మీరు బతుకుతున్న తీరు సరైనది కాదని ఒక్కసారిగా, ఏ సందేహానికీ తావు లేకుండా మీకు తోచింది. నిద్రపోకుండా నోటుపుస్తకంలో పదకొండు లక్ష్యాలు రాసుకున్నారు. తెల్లవారుజామున నడక, తీపి మానడం, ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయితో రోజూ గంటసేపు గడపడం, ఫోన్ తగ్గించడం మొదలుకొని, ఉద్యోగం వదిలేసి తెనాలి దగ్గరి సొంత ఊళ్లో కౌలుకు ఇచ్చిన రెండెకరాలను స్వయంగా సాగు చేయడం వరకు అందులో ఉన్నాయి. మూడు వారాలు గడిచేసరికి వాటిలో ఒక్కటీ మిగల్లేదు. కాబట్టి ఆ రాత్రి కలిగింది నిజమైన మెలకువేనా, లేక దుఃఖంలో పుట్టిన ఆవేశమా అని అడుగుతున్నారు.

ఇటువంటి మలుపుల్లో ఉన్నవారితో మాట్లాడటమే చాలా ఏళ్లుగా నా వృత్తి కావడం వల్ల, నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. మీ మెలకువ అబద్ధమని అనుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు. అయితే దానికి చేతకాని పనిని మీరు దానికి అప్పగించారు. జీవితంలో ఏది మార్చుకోవాలో అది చూపించగలదు గాని, రాబోయే మంగళవారం ఉదయం అయిదున్నరకు మిమ్మల్ని మంచం మీద నుంచి లేపి నిలబెట్టడం దాని వల్ల కాదు. ఆ రెండో పనికి వేరే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు మెలకువ వేడి తగ్గకముందే, అంటే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేసుకుంటే మరీ మంచిది. మూడు వారాల తరువాత చేసుకున్నా పనిచేస్తుంది, ఎందుకంటే అది ఆ వేడి మీద ఆధారపడేది కాదు.

మన పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు రకాలు చెబుతూ వచ్చారు. పురాణం వింటున్నంతసేపు, కాన్పు నొప్పులు పడుతున్నంతసేపు, కాటి దగ్గర నిలబడి ఉన్నంతసేపు కలిగే విరక్తి ఇల్లు చేరేసరికి పోతుందని వాటి భావం. ఈ మాటలను మనం ఎక్కువగా ఎగతాళికే వాడతాం గాని, వాటి వెనుక మంచి పరిశీలన ఉందని నేను అనుకుంటాను. ఆ మూడు సందర్భాల్లోనూ మనిషి తన రోజువారీ చోటు నుంచి, వేళల నుంచి, పనుల నుంచి పక్కకు తొలగి ఉంటాడు. పాత అలవాటును గుర్తుచేసి పిలిచేవి ఏవీ అక్కడ ఉండవు. ఇంటికి తిరిగివచ్చాక అవన్నీ ఉన్నచోటే ఉంటాయి. మీరే రాశారు: సాయంత్రం పద్దులు సరిచూసుకుని బయటపడేసరికి ఏడున్నర, ఆ తరువాత సహోద్యోగులతో కలిసి శాఖ ఎదుటి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, రెండు చెంచాల చక్కెర వేసిన టీ, ఇంటికి రాగానే సోఫా పక్కనే ఫోన్ చార్జరు, పన్నెండు దాటాక నిద్ర. ఆ రాత్రి మీ ఆలోచన మారింది గాని, ఈ వరసలో ఒక్క వస్తువు కూడా జరగలేదు. అటువంటప్పుడు పాత రోజే తిరిగి రావడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు, మీ మనోబలాన్ని నిందించుకోవలసింది అంతకన్నా లేదు.

ఇక మెలకువ అనేది ఎక్కడి నుంచి వస్తుందో కొంత వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే మీ ప్రశ్నలో సగం దాని మీదే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ కోలర్ టెనెరీఫ్ దీవిలో చింపాంజీల మీద చేసిన పరిశీలనలు ఈ విషయంలో చాలా ప్రసిద్ధమైనవి. సుల్తాన్ అనే చింపాంజీ బోను బయట ఉన్న అరటిపండును అందుకోవడానికి గంటకు పైగా విఫలయత్నం చేసి మానుకుంది. తరువాత రెండు వెదురు కర్రలతో ఊరికే ఆడుకుంటూ ఉండగా, సన్నని కర్రను లావు కర్ర బోలులోకి దూర్చి పొడవు చేయవచ్చని దానికి తట్టింది, వెంటనే పరుగెత్తి పండును లాక్కుంది. దీన్ని చదివినవారు ఆ తట్టిన క్షణాన్నే గుర్తుపెట్టుకుంటారు. కాని 1945లో హెర్బర్ట్ బిర్చ్ చేసిన ప్రయోగాన్ని కూడా దాని పక్కన పెట్టి చూడాలి. కర్రలతో మునుపు పరిచయం లేని చింపాంజీలకు కర్రతో పండును లాక్కోవలసిన సమస్య ఇస్తే, వాటిలో చాలావరకు ఏమీ చేయలేకపోయాయి. కొన్ని రోజులు కర్రలతో స్వేచ్ఛగా ఆడుకోనిచ్చాక అవే ఆ సమస్యను తేలికగా పరిష్కరించాయి. తట్టడం హఠాత్తుగానే జరుగుతుంది, అయితే తట్టడానికి కావలసిన సామగ్రి అంతకుముందే లోపల చేరి ఉండాలి. 1987లో జానెట్ మెట్కాఫ్, డేవిడ్ వీబ్ జరిపిన ప్రయోగాల్లో కూడా, ఇటువంటి చిక్కులు విప్పుతున్నవారిని సమాధానానికి ఎంత దగ్గరగా ఉన్నారో మధ్యమధ్యలో చెప్పమంటే, సమాధానం దొరికే ముందు క్షణం దాకా వారు ఏమీ పసిగట్టలేకపోయారు. అంటే లోపల జరుగుతున్న పని మనకు తెలియకుండా జరగవచ్చు.

మీ విషయంలో ఆ సామగ్రి ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. నిరుడు బ్యాంకు తరఫున చేయించిన ఆరోగ్య పరీక్షలో చక్కెర హద్దు మీద ఉందని వచ్చిన కాగితం సొరుగులో పెట్టారు. అమ్మాయి తన బడి విషయాలు అమ్మకు మాత్రమే చెబుతోందని మీరు గమనిస్తూనే ఉన్నారు. మిత్రుడి మరణం వీటిని కొత్తగా పుట్టించలేదు, ఒకేసారి వరసగా నిలబెట్టింది. అందుకే మరో మెలకువ కోసం ఎదురుచూడవద్దని, దాన్ని తెప్పించుకోవడానికి ప్రేరణ ప్రసంగాల వెంట, శిబిరాల వెంట తిరగవద్దని నేను చెబుతాను. ఒక కాగితం మీద, ఆ రాత్రికి ముందు సంవత్సర కాలంలో మీరు చూసి పక్కన పెట్టిన విషయాలేమిటో రాయండి. లక్ష్యాలు అక్కడి నుంచి రావాలి. పదకొండింటిలో ఈ కాగితంతో సంబంధం లేనివి ఉంటే, అవి బహుశా ఆ రాత్రి ఊపులో వచ్చి చేరినవి. వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హఠాత్తుగా తట్టినదానికి ఒక గొప్ప నిశ్చయభావం తోడుగా వస్తుంది. చిక్కుప్రశ్నల విషయంలో ఆ నిశ్చయం చాలావరకు నమ్మదగినదే. అలా మెరిసినట్టు దొరికిన సమాధానాలు ఒక్కో మెట్టూ ఆలోచించి చేరిన సమాధానాల కన్నా ఎక్కువసార్లు సరైనవిగా తేలుతున్నాయని ప్రయోగాలు చూపాయి. అయితే చిక్కుప్రశ్నకు సరిచూసుకోగల జవాబు ఉంటుంది, జీవితానికి ఉండదు. 2020లో రూబెన్ లౌకొనెన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో, కొన్ని వాక్యాల్లో ఒక మాట అక్షరాలను తారుమారు చేసి ఇచ్చారు. ఆ మాట ఏమిటో హఠాత్తుగా తట్టినప్పుడు, చదివినవారు ఆ వాక్యం మొత్తం ఎక్కువ నిజమైనదిగా భావించారు. అక్షరాలు సరిచేయగలగడానికీ, ఆ వాక్యం నిజం కావడానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఒకదాని వల్ల కలిగిన ఆనందం రెండోదానికి సాక్ష్యంగా మారిపోయింది. ‘నా ఆరోగ్యం పట్ల నిర్లక్ష్యంగా ఉన్నాను’ అన్న మెలకువ సరైనదే కావచ్చు. దాని వెలుగులోనే ‘ఉద్యోగం వదిలేయాలి’ అన్నది కూడా అంతే సరైనదిగా కనిపించి ఉంటుంది. నా నియమం ఏమిటంటే, తప్పని తేలితే మరుసటి వారం మానుకోగలిగిన మార్పులను వెంటనే మొదలుపెట్టవచ్చు, వెనక్కి తీసుకోలేని నిర్ణయాలను మాత్రం కనీసం ఒక పంటకాలం ఆపాలి. రాజీనామా రెండో రకానిది. దాని గురించి చివరలో చెబుతాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సంకల్పానికీ ఆచరణకూ మధ్య ఎంత ఎడం ఉందో చూపే పరిశోధన ఒకటి, మీ పరిస్థితికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. 2002లో బ్రిటన్‌లో శారా మిల్న్, షీనా ఆర్బెల్, పాశ్చల్ షీరన్ విద్యార్థులను మూడు గుంపులుగా చేశారు. వారంలో కనీసం ఒకసారి ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయడం అందరికీ లక్ష్యం. మొదటి గుంపుకు ప్రత్యేకంగా ఏ ప్రేరణా ఇవ్వలేదు. రెండో గుంపుతో గుండె జబ్బు ఎంత ప్రమాదకరమో, వ్యాయామం దాన్ని ఎలా నివారిస్తుందో చదివించారు. మూడో గుంపుతో అదే చదివించి, దానితో పాటు ఏ రోజు, ఏ వేళ, ఏ చోట వ్యాయామం చేస్తారో రాయించారు. మొదటి గుంపులో 38 శాతం మంది, రెండో గుంపులో 35 శాతం మంది, మూడో గుంపులో 91 శాతం మంది వ్యాయామం చేశారు. రెండో గుంపువారికి చేయాలన్న కోరిక పెరిగిన మాట నిజమే; చేయడం మాత్రం పెరగలేదు. గుండె జబ్బు భయం మీకు కాగితం మీద కాదు, కళ్ల ఎదుట కనిపించింది. అయినా మీరు ఇప్పటిదాకా ఆ రెండో గుంపులోనే ఉన్నారు. యువ విద్యార్థుల మీద, ఒక్క వారం పాటు, చిన్న లక్ష్యంతో చేసిన ప్రయోగం గనుక ఆ 91ని మీ జీవితానికి అలాగే అన్వయించలేము. తరువాత 2006లో పీటర్ గోల్విట్జర్, షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కించినప్పుడు కూడా ఈ పద్ధతి ప్రభావం మధ్యస్థం నుంచి పెద్ద స్థాయిలో ఉందని తేలింది. ఇంత సామాన్యమైన ఉపాయానికి అది ఎక్కువే.

పద్ధతి ఇది: ‘ఫలానాది జరిగిన వెంటనే, ఫలానా చోట, ఫలానా పని చేస్తాను’ అని ఒక వాక్యం రాయడం. అందులోని ‘ఫలానాది’ మీ రోజులో ఇప్పటికే తప్పకుండా జరుగుతున్న పని అయి ఉండాలి. గడియారం వేళ కన్నా జరిగే పనే మంచి గుర్తు, ఎందుకంటే అలారాన్ని ఆపేయవచ్చు. మీ ఇంట్లో ఉదయం పాల ప్యాకెట్లు తెచ్చేది మీరేనని రాశారు. అది పన్నెండుకు పడుకున్న రోజున కూడా తప్పడం లేదు. కాబట్టి మీ మొదటి వాక్యం ఇలా ఉండవచ్చు: ‘పాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టిన వెంటనే, బూట్లు విప్పకుండా, మళ్లీ బయటికి వెళ్లి రైవస్ కాలువ వంతెన దాకా నడిచి వస్తాను.’ బూట్లు వేసుకునే పాలకు వెళ్లడం ఇందులో కీలకం. చెప్పులతో వెళితే మార్చుకోవాలి, మార్చుకోవడానికి కూర్చుంటారు, కూర్చుంటే ఫోన్ చేతికి వస్తుంది. ‘తెల్లవారుజామున అయిదుకు లేచి గంట నడక’ అని మీరు ఆ రాత్రి రాసుకున్నదానికీ దీనికీ తేడా చూడండి. అది జరగాలంటే ముందు మీ నిద్రవేళ మారాలి, మీ నిద్రవేళ మారాలంటే ఫోన్ తగ్గాలి, అంటే ఒక లక్ష్యం లోపల మూడు దాగి ఉన్నాయి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు పదిహేను నిమిషాల నడక దానికి చాలదని నాకూ తెలుసు. ముందు కాళ్లకు దారి అలవాటు కానివ్వండి, వంతెన దాటి వెళ్లడం ఆ తరువాత దానంతట అదే వస్తుంది.

లక్ష్యం చిన్నదిగా ఉండాలని అంటున్నాను గాని, అస్పష్టంగా ఉండవచ్చని అనడం లేదు. ‘ఆరోగ్యం చూసుకోవాలి’, ‘కుటుంబానికి సమయం ఇవ్వాలి’ అన్నవి లక్ష్యాలు కావు. వాటిని నెరవేర్చామో లేదో సాయంత్రానికి ఎవరూ చెప్పలేరు. లక్ష్యాల మీద దశాబ్దాల పాటు పనిచేసిన ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ పరిశోధనల్లో పదే పదే తేలింది కూడా ఇదే. 1970ల్లో అమెరికాలోని ఓక్లహోమాలో కలప లారీలు చట్టం అనుమతించిన బరువులో సుమారు 60 శాతమే నింపుకుని వెళుతుంటే, శక్తి మేరకు నింపమని చెప్పడం మాని 94 శాతం అని ఒక అంకెను లక్ష్యంగా ఇచ్చారు. కొద్ది నెలల్లో అది 90 శాతం దాకా పెరిగింది. డ్రైవర్లకు అదనంగా డబ్బు ఇవ్వలేదు.

అమ్మాయి విషయంలో మాత్రం గంటల లెక్క పెట్టవద్దు. రోజూ గంట అని నియమం పెట్టుకుని ఎనిమిదో తరగతి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంటే, ఇద్దరికీ అది తనిఖీలా మారుతుంది. ఆమె సాయంత్రం ట్యూషన్ నుంచి ఎలా వస్తోందో మీరు రాయలేదు. ఆటోలో వస్తున్నట్టయితే, వారంలో రెండు రోజులు, మీ శాఖలో పని తక్కువగా ఉండే రోజులు చూసుకుని, మీరే బండి మీద తీసుకురండి. ప్రశ్నలు అడగవలసిన పని లేదు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాని మాటలు వెనుక కూర్చున్నప్పుడు వస్తాయని చాలామంది తండ్రులు నాకు చెప్పారు.

అడ్డంకుల సంగతి. మంచి భవిష్యత్తును ఊహించుకోవడం శక్తినిస్తుందని సాధారణంగా అనుకుంటాం. గాబ్రియేలే ఎట్టింగెన్, థామస్ వాడెన్ 1991లో బరువు తగ్గే చికిత్సలో ఉన్న స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, తాము సన్నబడినట్టు అతి మధురంగా ఊహించుకున్నవారే తక్కువ బరువు తగ్గారు. తగ్గగలమన్న నమ్మకం ఉండటం మేలు చేసింది, తగ్గిపోయినట్టు కలగనడం కీడు చేసింది. అందుకని కలను కాసేపు ఆపి, దానికి అడ్డుపడేది ఏమిటో ముందే పేరు పెట్టి రాయాలి, ఒక్కొక్కదానికి ఒక జవాబు కూడా రాయాలి. వాన పడితే అపార్ట్‌మెంటు సెల్లారులో పది చుట్లు. బజ్జీల బండి దగ్గర నిలబడటం మానలేరు, ఎందుకంటే అక్కడ స్నేహం కూడా ఉంది. అక్కడ నిలబడగానే మొదట మీరే ‘చక్కెర లేకుండా ఒక టీ’ అని చెప్పేస్తారు, బజ్జీలు మానడం గురించి ఇప్పట్లో ఆలోచించకండి. మార్చి 31 వార్షిక ముగింపు పనుల రోజుల్లో ఏదీ సాగదని మీకు ముందే తెలుసు. ఆ వారం కోసం ‘పాలు తెచ్చాక వీధి చివరిదాకా మాత్రమే’ అని ఇప్పుడే రాసి పెట్టండి. గండం వచ్చినప్పుడు కొత్తగా ఆలోచించవలసిన అవసరం లేకుండా చేయడమే ఇందులోని ఉద్దేశం.

ఒక రోజు తప్పుతుంది. అప్పుడు ఏం చేయాలన్నది చాలామందిని ముంచే చోటు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని ఆలోచించకుండా చేయగలిగే స్థాయికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉందని అంచనా వేశారు. ఇరవై ఒక్క రోజుల్లో ఏదైనా అలవాటవుతుందని ప్రచారంలో ఉన్న మాటను మీరు నమ్మి ఉంటే, మూడు వారాలకు నిరాశ కలగడం సహజం. అదే అధ్యయనంలో, అప్పుడప్పుడు ఒక రోజు తప్పడం వల్ల అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ హాని జరగలేదని కూడా తేలింది. ఇంట్లో గోడ క్యాలెండరు మీద, నడిచిన రోజు తేదీ పక్కన పెన్సిలుతో ఒక గీత పెట్టండి. ఫోన్‌లోని యాప్ వద్దంటాను. మీ చిక్కులో సగం ఆ ఫోనే. ప్రగతిని నమోదు చేసుకోవడం లక్ష్యసాధనకు తోడ్పడుతుందని 2016లో 138 అధ్యయనాలను పరిశీలించిన విశ్లేషణ చెప్పింది.

పదకొండు లక్ష్యాలను ఆ రాత్రే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టానని రాశారు. దాని వల్ల వచ్చిన మెచ్చుకోళ్లు కొంతవరకు పని అయిపోయిన తృప్తిని ఇచ్చి ఉంటాయని నా అనుమానం. ఈసారి ఒక్కరికే, మీ భార్యకు చెప్పండి, అది కూడా లక్ష్యం కాదు, పాల ప్యాకెట్ల వాక్యం. మిగతా పది లక్ష్యాల కాగితాన్ని చింపవద్దు, తారీఖు వేసి దాచండి. నడక మీద మీకు ధ్యాస అవసరం లేని రోజు వచ్చాక రెండోది తీయవచ్చు.

ఇక వ్యవసాయం. కృష్ణా డెల్టాలో రెండెకరాల మాగాణి మీద ఒక కుటుంబం, అందులోనూ చదువుకుంటున్న పిల్ల ఉన్న కుటుంబం, జీతం లేకుండా నడవడం ఎంత కష్టమో మీ కౌలుదారు మీకన్నా బాగా చెప్పగలడు. ఆయనను అడగండి. విజయవాడ నుంచి తెనాలికి రైలు ప్రయాణం తక్కువే కాబట్టి, ఒక సార్వా (వానాకాలపు పంట), ఆ వెనుక వచ్చే రెండో పంట పూర్తయ్యేదాకా నెలకు రెండు ఆదివారాలు పొలానికి వెళ్లి, నారుమడి నుంచి కోత దాకా అయిన ప్రతి ఖర్చునూ, పండిన ప్రతి బస్తానూ మీ చేతితో లెక్క రాయండి. బ్యాంకు ఉద్యోగిగా ఆ పని మీకు బాగా వచ్చు. ఈ సంవత్సరానికి లక్ష్యం దిగుబడి కాదు, నేర్చుకోవడం. తెలియని పనిలో మొదటే ఫలితానికి అంకె పెట్టుకుంటే నేర్చుకోవడం దెబ్బతింటుందని లేథమ్ తదితరులు తరువాతి పరిశోధనల్లో గమనించారు కూడా. రెండు పంటల లెక్క చేతిలో ఉన్నప్పుడు ఉద్యోగం విషయం భార్యతో కలిసి ఆలోచించండి. అప్పటికి కోరిక అలాగే ఉంటే దాన్ని గౌరవించవలసిందే. పొలం లెక్కలు చూశాక మీకు కావలసింది వ్యవసాయం కాదు, వారానికి ఒక రోజు ఊరు మాత్రమేనని తేలినా అందులో ఓటమి ఏమీ లేదు.

నడక మొదలుపెట్టే ముందే సొరుగులోని కాగితాన్ని తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి. చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్ మళ్లీ చూపించుకుని, గుండె విషయంలో ఆయన అవసరమన్న పరీక్షలు చేయించుకోండి. మిత్రుడు పోయిన తరువాత రాత్రిళ్లు ఛాతీ మీద చేయి పెట్టుకుని మేలుకుంటున్నానని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది లక్ష్యాలతో తీరేది కాదు, అది దుఃఖం, కొంత భయం కూడా. ఛాతీలో నొప్పి గాని, బరువు గాని, ఆయాసం గాని ఉంటే ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించుకోండి. దేహంలో ఏమీ లేదని తేలాక కూడా నిద్ర రాకపోవడం కొనసాగితే మానసిక వైద్యుణ్ణి కలవండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా, తెలుగులోనే, ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.